రీఫ్ ట్యాంకు ఇసుక: వరంగల్‌లో తక్కువ ఖర్చులో ఏది వాడొచ్చు? పాత ఇసుక పనికొస్తుందా?

హంటర్‌రోడ్ రీఫ్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. హన్మకొండలో ఉంటాను. ఎనిమిదేళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను, ఉప్పునీటి రీఫ్ ట్యాంకు (పగడాలు, సముద్ర జీవాలు పెంచేది) మాత్రం ఇదే మొదటిది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. లైటు, స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసేది), ఆర్ఓ యూనిట్ కొనేసరికి పక్కన పెట్టుకున్న డబ్బంతా అయిపోయింది. ఇసుక ఒక్కటే మిగిలింది. బయటి దేశాల నుంచి వచ్చే అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) ఇసుక ధరకు హైదరాబాద్ నుంచి పార్శిల్ ఛార్జీ కలిపితే గుండె ఝల్లుమంటోంది.

నా ముందు మూడు దారులున్నాయి. మా వీధిలో ఇల్లు కడుతున్నారు, మంగపేట వైపు నుంచి వచ్చిన గోదావరి ఇసుక కుప్పగా పోసి ఉంది, అడిగితే రెండు బకెట్లు ఇస్తామన్నారు. రెండోది, మా బావగారు బాపట్లలో ఉంటారు, సూర్యలంక బీచ్ నుంచి ఓ సంచి పట్టుకొస్తానంటున్నారు. మూడోది, హైదరాబాద్‌లో నా ఫ్రెండ్ నాలుగేళ్ల రీఫ్ ట్యాంకు తీసేశాడు. దాని ఇసుక రెండు బకెట్లలో మూతపెట్టి ఉంచాడు, ఊరికే తీసుకెళ్లమంటున్నాడు.

పిస్టల్ రొయ్యను, దానికి తోడుగా గోబీ చేపను పెట్టాలని నా కోరిక. ఏ ఇసుక తీసుకోమంటారు?

కాజీపేట జంక్షన్ | శనివారం, రాత్రి 10:05

అన్నా, అసలు ఇసుకే వద్దు. ఉత్త గాజు అడుగు పెట్టు. నాది అట్లనే ఉంది, చెత్తంతా పైపుతో లాగేస్తా, టెన్షన్ లేదు.

హంటర్‌రోడ్ రీఫ్ | శనివారం, రాత్రి 10:12

తమ్మీ, పిస్టల్ రొయ్య సొరంగం తవ్వుకుంటుంది కదా. గాజు మీద ఏం తవ్వుతుంది? ఆ రెండింటి కోసమే ఈ ట్యాంకు మొదలుపెట్టాను.

రామగుండం మెరైన్ | ఆదివారం, ఉదయం 7:20

ముందు ఇంట్లోనే ఓ పరీక్ష చేయండి. స్టీలు ప్లేటులో చెంచాడు ఇసుక పోసి, దాని మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే అది కాల్షియం కార్బొనేట్, అంటే గవ్వలు, పగడాలు, సున్నపురాయి జాతిది. ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అది పలుగురాయి ఇసుక, క్వార్ట్జ్. మన గోదావరి, మానేరు ఇసుక ఎక్కువ భాగం ఈ రెండో రకమే. తర్వాత ఓ అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి ఆ ఇసుకలో తిప్పండి. నల్లటి గింజలు అంటుకుంటే అవి ఇనుము ఉన్న ఖనిజాలు. ట్యాంకులో నీటిని కదిలించే పంపు, వేవ్‌మేకర్, లోపల అయస్కాంతం ఉంటుంది, ఆ గింజలు అక్కడికి చేరి తిరిగే భాగాన్ని అరగదీస్తాయి.

నది ఇసుక విషమేమీ కాదు. ఉప్పునీటిలో క్వార్ట్జ్ కరిగేది దాదాపు శూన్యం. కానీ గింజలు పదునుగా ఉంటాయి, రంగు ముదురుగా ఉంటుంది. ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల గుండా జల్లెడ పట్టే గోబీలకు ఆ పదును మంచిది కాదు. పైగా బిల్డింగ్ దగ్గరి కుప్పలో సిమెంటు, పెయింటు, కుక్కల మలమూత్రాలు ఏమేం కలిశాయో ఎవరికి తెలుసు? ఆ కుప్ప జోలికి మాత్రం పోకండి.

హంటర్‌రోడ్ రీఫ్ | ఆదివారం, ఉదయం 11:30

పరీక్ష చేశాను సార్. గోదావరి ఇసుక మీద వెనిగర్ పోస్తే తడిసి ఊరుకుంది. ఒకటి రెండు చోట్ల చిన్న బుడగలు కనిపించాయి, చూస్తే సిమెంటు ముక్కలు. అయస్కాంతానికి మీసంలా నల్లటి పొడి పట్టుకుంది, చూసి ఆశ్చర్యపోయాను. ఆ కుప్పను వదిలేశాను.

నర్సంపేట నీలం | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నది ఇసుక వేస్తే సిలికా వల్ల గోధుమ రంగు నాచు పట్టి వదలదని విన్నాను. నిజం కాదా?

రామగుండం మెరైన్ | ఆదివారం, మధ్యాహ్నం 2:50

ఈ మాట చాలాకాలంగా తిరుగుతోంది కానీ అందులో పస తక్కువ. ఆ గోధుమ పొర డయాటమ్‌లనే సూక్ష్మ నాచుది. వాటికి కావలసింది నీటిలో కరిగి ఉన్న సిలికేట్. క్వార్ట్జ్ గింజ అంత సులువుగా కరగదు. మన బోరు నీళ్లలో కరిగిన సిలికా మాత్రం బాగానే ఉంటుంది, ఆర్ఓ మెంబ్రేన్ పాతదైతే అది నేరుగా ట్యాంకులోకి వస్తుంది. కొత్త ట్యాంకులో ఏ ఇసుక వేసినా, ఎంత ఖరీదైనది వేసినా, మొదటి వారాల్లో ఆ పొర వచ్చి పోతుంది. ఇసుకను తిట్టే ముందు ఆర్ఓ నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) చూసుకోవాలి. సున్నాకు దగ్గరగా రావాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్తాను. అరగొనైట్ ఇసుక పీహెచ్‌ను నిలబెడుతుందని సంచి మీద రాస్తారు. రీఫ్ నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది, ఆ నీటిలో అరగొనైట్ కరగదు. అది కరగాలంటే పీహెచ్ బాగా దిగాలి, అందుకే దాన్ని కరిగించే కాల్షియం రియాక్టర్ అనే పరికరంలో కార్బన్ డయాక్సైడ్ పంపి 6.5 దగ్గరికి తెస్తారు. ఇసుక ఏది వేసినా కాల్షియం, ఆల్కలినిటీ (క్షారత) మనమే చూసుకోవాలి. కాబట్టి ఆ ఒక్క మాట నమ్మి ఎక్కువ డబ్బు పెట్టకండి. గింజ గుండ్రంగా ఉండడం, తెల్లగా మెరవడం, అందులో బతికే జీవాలకు మెత్తగా ఉండడం, ఇవి కావాలనుకుంటే పెట్టండి.

చీరాల తీరం | ఆదివారం, సాయంత్రం 6:00

నాది తెలంగాణ కాదు కానీ సూర్యలంక మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. మా తీరంలో ఇసుక కూడా ఎక్కువగా క్వార్ట్జే, గవ్వ ముక్కలు కొద్దిగా కలిసి ఉంటాయి. అలలు వెనక్కి వెళ్లినప్పుడు నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, అవి ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు. జనం తిరిగే బీచ్ కాబట్టి ప్లాస్టిక్ ముక్కలు, పడవల ఆయిల్ కూడా ఉంటాయి. సంచులతో ఇసుక ఎత్తడం తీరప్రాంత నియమాలకు కూడా విరుద్ధం. బావగారికి ఆ శ్రమ ఇవ్వకండి.

ఇంకా ముఖ్యమైనది. ఎవరైనా తెల్లటి పగడపు ముక్కలు, కోరల్ చిప్స్ చవగ్గా ఇస్తామంటే ఎక్కడివో అడగండి. మన్నార్ సింధుశాఖ నుంచో, లక్షద్వీప్ నుంచో, అండమాన్ నుంచో తెచ్చినవైతే నేరం. రీఫ్ కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. చచ్చిన పగడానికీ అదే వర్తిస్తుంది. బిల్లు లేని పగడం ముక్క ఇంట్లో పెట్టుకోవద్దు.

హంటర్‌రోడ్ రీఫ్ | ఆదివారం, సాయంత్రం 6:25

చాలా థాంక్స్ అండీ. బావగారికి ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పాను. రాళ్ల విషయంలో ఇబ్బంది లేదు, నావి సిరామిక్ రాళ్లు. ఇక మిగిలింది ఫ్రెండ్ ఇసుక.

కరీంనగర్ కోరల్ | ఆదివారం, రాత్రి 9:10

అన్నా, ఆ బకెట్లు తెచ్చుకునే ముందు నాకు జరిగింది విను.

మూడేళ్ల కింద ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ట్యాంకు ఇసుకతో సహా కొన్నాను. ఇసుకను పది సార్లు కడిగాను, తెల్లగా ముత్యాల్లా ఉంది. నీళ్లు నింపి, నెల రోజులు సైకిల్ చేసి (మురికిని విరగ్గొట్టే బ్యాక్టీరియాను పెరగనిచ్చి), రెండు చేపలు వేశాను. హాయిగా తిరిగాయి. తర్వాత రెండు క్లీనర్ రొయ్యలు, ఆరు నస్సేరియస్ నత్తలు వేశాను. మర్నాడు పొద్దున లైటు వేసి చూస్తే ఒక రొయ్య పక్కకు ఒరిగి కాళ్లు మాత్రం కొట్టుకుంటోంది. ఇంకోటి రాయి వెనక కదలకుండా ఉంది. నత్తలు వెల్లకిలా పడి ఉన్నాయి, ఆ పొడవాటి గొట్టం బయటకు వేలాడుతోంది, తిప్పి పెడితే మళ్లీ పడిపోతున్నాయి. చేపలు మాత్రం మామూలుగా మేత తిన్నాయి. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, ఉప్పు సరిగ్గానే ఉంది. నాకేం అర్థం కాలేదు.

అమ్మినాయనకు ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఎప్పుడో చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే అదే ట్యాంకులో రాగి మందు పోశాడట. మన మైలుతుత్తంలో ఉండే రాగే. కార్బొనేట్ ఇసుక రాగిని పట్టుకుంటుంది, తర్వాత కొద్దికొద్దిగా వదులుతుంది. చేపలు తట్టుకునే మోతాదు కంటే చాలా తక్కువకే రొయ్యలు, నత్తలు పోతాయి. కడిగితే పోదు, ఎండబెడితే పోదు. ముప్పై కిలోల ఇసుకను ఇంటి ముందు మెట్టు కట్టేటప్పుడు కాంక్రీటులో కలిపేశాను.

నీ ఫ్రెండ్‌ను ఒకటే అడుగు, ఆ ట్యాంకులో ఎప్పుడైనా, ఒక్కసారైనా మందు పోశావా అని. "గుర్తు లేదు" అంటే తీసుకోకు.

హంటర్‌రోడ్ రీఫ్ | ఆదివారం, రాత్రి 9:55

చదువుతుంటే మనసంతా ఎలాగో అయింది తమ్మీ. నేను కొనాలనుకుంటున్నది రొయ్యనే. ఫ్రెండ్‌కు ఇప్పుడే ఫోన్ చేశాను. మందు వేయాల్సి వస్తే వేరే చిన్న ట్యాంకులో వేసేవాడట, పెద్ద దాంట్లో చివరి రోజు దాకా రొయ్యలు, నత్తలు, ఒక సీ అర్చిన్ (ముళ్లుండే సముద్ర జీవి) బతికే ఉన్నాయట. వాటిని ఎవరికి ఇచ్చాడో కూడా చెప్పాడు.

కరీంనగర్ కోరల్ | ఆదివారం, రాత్రి 10:02

అర్చిన్ బతికిందంటే నాకు ధైర్యమే. ఏ టెస్ట్ కిట్ కంటే నమ్మకమైన సాక్షి అది. తెచ్చుకో.

ఇందూరు సాగరిక | సోమవారం, మధ్యాహ్నం 12:30

బకెట్లలో మూతపెట్టి ఎన్ని రోజులైంది బాబూ?

హంటర్‌రోడ్ రీఫ్ | సోమవారం, మధ్యాహ్నం 12:41

పన్నెండు రోజులక్కా.

కాజీపేట జంక్షన్ | సోమవారం, మధ్యాహ్నం 1:05

కడగకు అన్నా! నాలుగేళ్ల బ్యాక్టీరియా ఉంటుంది దాంట్లో. నేరుగా పోస్తే ట్యాంకు సైకిల్ కూడా అక్కర్లేదు.

ఇందూరు సాగరిక | సోమవారం, మధ్యాహ్నం 3:20

ఆ సలహా పాటించొద్దు. నడుస్తున్న ట్యాంకులోంచి తీసిన పై పొర ఇసుకను అదే రోజు, ఉప్పునీళ్లలో ఒక్కసారి జాడించి వేస్తే బ్యాక్టీరియా పనికొస్తుంది. ట్యాంకు ఇల్లు మారేటప్పుడు నేను అట్లాగే చేశాను, పై అంగుళం మాత్రమే ఉంచుకుని అడుగుది పారేశాను. పన్నెండు రోజులు గాలి తగలకుండా మూసి ఉంచిన ఇసుక సంగతి వేరు. అందులోని మంచి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు, పురుగులూ పుట్రా చచ్చి కుళ్లుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. మూత తీసేటప్పుడు గదిలో తీయకు, డాబా మీద తియ్యి, ముఖం దూరంగా పెట్టు. అడుగున నల్లగా కనిపిస్తుంది, భయపడకు, గాలి తగిలితే ఆ నలుపు పోతుంది.

నేను చేసే పద్ధతి చెప్తాను. బకెట్‌లో పావు వంతే ఇసుక పోసి, పైపును అడుగు దాకా దించి, చేత్తో కలుపుతూ నీళ్లు పొర్లనివ్వాలి. మొదటి నీళ్లు కాఫీ రంగులో వస్తాయి, తర్వాత బియ్యం కడిగిన నీళ్లలా, ఆ తర్వాత తేటగా. ఎక్కువ ఇసుక ఒకేసారి కడగాలని చూస్తే మురికి మధ్యలో ఉండిపోతుంది. ఆ మొదటి నీళ్లలో ఉప్పు ఉంటుంది, కుండీల్లో పోయొద్దు, మొక్కలు చస్తాయి. నా కరివేపాకు చెట్టు అట్లాగే పోయింది.

కుళ్లు వాసన ఎక్కువగా ఉంటే ఒక రాత్రి బ్లీచ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, హైపో (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపిన నీళ్లలో ఉంచి, మన ఎండలో పలుచగా పరిచి ఆరబెట్టాలి. బ్లీచ్ ఉన్న బకెట్‌లో వెనిగర్ గానీ యాసిడ్ గానీ చుక్క కూడా పడకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఆఖరుకి ఫాస్ఫేట్ చూడాలి, అది నాచును పెంచుతుంది. నాలుగేళ్లు మేత పడిన కార్బొనేట్ ఇసుక ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటుంది. కడిగిన ఇసుక ఒక గ్లాసు, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు రెండు గ్లాసులు ఒక సీసాలో పోసి, రెండు రోజులు అప్పుడప్పుడూ ఊపుతూ ఉంచి పరీక్షించు.

జనగామ లేయర్స్ | సోమవారం, రాత్రి 8:45

మాది కోళ్ల ఫారం. ఇసుక మాటల్లో మీరెవరూ షెల్ గ్రిట్ సంగతి చెప్పలేదు. గుడ్డు పెంకు గట్టిపడటానికి లేయర్ కోళ్లకు వేసే ఆల్చిప్పల గ్రిట్. అది అచ్చంగా కాల్షియం కార్బొనేటే. నా రెండడుగుల ట్యాంకులో అదే వాడుతున్నాను, ఏడాదిన్నర అయింది. సంచి మొత్తం కొన్ని వందల్లో అయిపోతుంది.

రెండు జాగ్రత్తలు. మొదటిది, దాణా షాపులో డీసీపీ అని ఇంకో తెల్ల పొడి, గింజ కూడా ఉంటుంది. అది డైకాల్షియం ఫాస్ఫేట్. పొరపాటున అది వేస్తే ట్యాంకు నాచుతో నిండిపోతుంది. రామగుండం సార్ చెప్పిన వెనిగర్ పరీక్షలో గ్రిట్ పొంగుతుంది, డీసీపీ పొంగదు. మినరల్ మిక్స్ కలిపిన గ్రిట్ కూడా వద్దు, ఉత్త చిప్పలే అడగండి. రెండోది, ముక్కలు బల్లపరుపుగా ఉంటాయి, వాటి సందుల్లో మేత, చేపల రెట్ట ఇరుక్కుంటుంది. అదొక్కటే వేస్తే వారానికోసారి పైపుతో లాగాలి. పిండి జల్లెడతో పొడి తీసేసి వాడండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము మంచిది కాదు.

రామగుండం మెరైన్ | సోమవారం, రాత్రి 9:30

భలే మాట చెప్పారు. హంటర్‌రోడ్ గారికి ఇది సరిగ్గా సరిపోతుంది. పిస్టల్ రొయ్య ఉత్త సన్న ఇసుకలో సొరంగం నిలబెట్టలేదు, కూలిపోతుంది. గోడలకు, కప్పుకు చిప్పముక్కలు, రాళ్లు ఏరి తెచ్చి పేరుస్తుంది. సన్న ఇసుకలో మూడో వంతు దాకా ఈ గ్రిట్ కలపండి.

లెక్క కూడా చెప్తాను. మీ ట్యాంకు అడుగు దాదాపు 90 సెంటీమీటర్లకు 45. ఐదు సెంటీమీటర్ల మందం కావాలంటే 20 లీటర్ల ఇసుక, ఆరిన లెక్కన 28 నుంచి 30 కిలోలు. ఫ్రెండ్ ఇసుక 20 కిలోలు, గ్రిట్ 9 కిలోలు చాలు. రాళ్లను ముందు గాజు మీదే కుదురుగా పెట్టి, తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, రొయ్య కింద తవ్విన రోజు అది ఒరిగి రొయ్య నలుగుతుంది, లేదా గాజు పగులుతుంది.

హంటర్‌రోడ్ రీఫ్ | తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:15

బకెట్లు వచ్చాయి. సాగరిక అక్క చెప్పినట్టు డాబా మీద మూత తీశాను. ఒక బకెట్ మామూలు సముద్రపు వాసన, రెండోది మాత్రం కుళ్లిన గుడ్డే. కింద నుంచి మా అమ్మ "ఏం చచ్చిందిరా" అని కేకేసింది. రెండు బకెట్లూ కడగడానికి నాలుగు గంటలు పట్టింది. రెండోదాన్ని బ్లీచ్ చేసి, హైపో వేసి, పాత దుప్పటి మీద ఆరబెట్టాను. సాయంత్రానికి చేతిలోకి తీసుకుంటే పంచదారలా జారింది. ఆఖరి జాడింపు ఆర్ఓ నీళ్లతో చేశాను.

సీసా పరీక్షలో ఫాస్ఫేట్ 0.25 పీపీఎం వచ్చింది. పారేయాలా?

ఇందూరు సాగరిక | ఆదివారం, సాయంత్రం 6:40

అక్కర్లేదు. ఉప్పునీళ్లు మార్చి ఇంకో రెండుసార్లు నానబెట్టు. ప్రతిసారీ కొంత వదులుతుంది. 0.1 కిందికి దిగితే వేసెయ్. మిగిలింది ట్యాంకులో ఫాస్ఫేట్ తీసే మీడియా (వడపోత పదార్థం) వాడుతూ లాగొచ్చు. మొదటి రెండు నెలలు వారానికోసారి టెస్ట్ మాత్రం మానొద్దు.

హంటర్‌రోడ్ రీఫ్ | ఏడు వారాల తర్వాత, రాత్రి 10:30

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మూడోసారి నానబెట్టిన తర్వాత ఫాస్ఫేట్ 0.08 వచ్చింది. జనగామ అన్న చెప్పిన గ్రిట్ జల్లించి కలిపాను, సంచిలో నాలుగో వంతు పొడిగానే పోయింది. రాళ్లు గాజు మీద కూర్చోబెట్టి, ఇసుక మీద ప్లేటు పెట్టి దాని మీద నీళ్లు పోశాను. రెండు రోజులు మజ్జిగలా ఉంది, తర్వాత తేటపడింది. మూడో వారం గోధుమ పొర వచ్చింది, ఐదో వారానికి అదే పోయింది. ముందుగా రెండు నత్తలు వేసి పది రోజులు చూశాను. మేత వాసన తగలగానే ఇసుకలోంచి గొట్టాలు పైకి లేపి పరిగెత్తుకొస్తున్నాయి. అప్పుడు గానీ రొయ్యను తేలేదు.

నిన్న రాత్రి చూశాను. ఎడమ వైపు రాయి కింద నుంచి రొయ్య ఒక ఆల్చిప్ప ముక్కను రెండు చేతులతో నెట్టుకుంటూ వచ్చింది. ద్వారం పక్కన నిలువుగా పెట్టి, వెనక్కి వెళ్లి, ఇంకోటి తెచ్చి దాని పక్కనే ఆనించింది. గోబీ ద్వారం ముందు కూర్చుని ఉంది. రొయ్య మీసం ఒకటి దాని తోక మీదే ఉంది, ఎంతసేపు పని చేసినా ఆ మీసం తీయలేదు.

కరీంనగర్ కోరల్ | ఏడు వారాల తర్వాత, రాత్రి 10:48

కడుపు నిండింది అన్నా. ఫొటో పెట్టు.

నర్సంపేట నీలం | మర్నాడు, ఉదయం 8:10

నేను కూడా జనగామ నుంచి గ్రిట్ తెప్పిస్తున్నాను. నాకు రొయ్య లేదు, హాలికోరిస్ రాస్ చేప ఉంది. రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది. మూడో వంతు కలపొచ్చా?

రామగుండం మెరైన్ | మర్నాడు, ఉదయం 9:00

వద్దు. అది ఒళ్లంతా ఇసుకలోకి దూరుస్తుంది, చిప్ప అంచులకు చర్మం గీసుకుంటుంది. దానికి సన్న ఇసుకే కావాలి, ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండా. మీ దగ్గర్లో ఎవరైనా ట్యాంకు తీసేస్తున్నారేమో అడగండి, మందు సంగతి ముందు తెలుసుకోండి.